నీటి నేలలో నాభి తీగ

కోనసీమలో మొక్క ఎండి చావడం అరుదు. ఎక్కువగా కుళ్ళి చస్తుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న ఈ సీమలో నీళ్ళు లేక మొక్క పోయిందంటే ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని అర్థం. అలాంటి చోట కరువును ఓర్చే తీగ ఒకటి పెంచుదాం అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. అనంతపురం వాళ్ళకు చెప్పాల్సిన మాట అమలాపురం వాళ్ళకెందుకు అనిపిస్తుంది.

చెప్పడానికి కారణముంది. కరువును ఓర్చే మొక్క అనగానే నీళ్ళు పోసినా పోయకపోయినా బతికే మొండిఘటం అనుకుంటాం. ఆ జాతుల్లో చాలావాటికి ఏడాదిలో కొన్ని నెలలు పొడి నేల తప్పనిసరిగా కావాలి. కరువు సీమలో ఆ నెలలు అడక్కుండానే వస్తాయి. డెల్టాలో వాటిని మనం చేతులారా తయారుచేయాలి. కరువును ఎలా తయారుచేస్తారన్నదే ఈ అధ్యాయం.

అందుకు నేను ఎంచుకున్న తీగ అడవినాభి. అగ్నిశిఖ అన్నా, పొత్తిదుంప అన్నా, కలప్పగడ్డ అన్నా ఇదే. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. పొరుగున తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, ఆఫ్రికాలో జింబాబ్వేకు జాతీయ పుష్పం. పువ్వును చూస్తే ఆ పదవులు ఎందుకొచ్చాయో తెలుస్తుంది. అయితే మిగతా సంగతులకన్నా ముందు ఒకటి చెప్పాలి. ఈ తీగలో దుంప, గింజ, ఆకు, పువ్వు అన్నీ విషమే. నోట్లో ఏది పడితే అది పెట్టుకునే వయసు పిల్లలున్నా, దొడ్లో మేకలూ దూడలూ తిరుగుతున్నా ఈ అధ్యాయం సరదాగా చదివి ఊరుకోండి. ఆ ఇంటికి శంఖుపుష్పం చాలు. అదీ ఎండను తట్టుకుంటుంది, దానితో ఇంత ప్రమాదం లేదు.

ముందు నీటి సంగతి చూద్దాం. వేరుకు నీరే కాదు, గాలి కూడా కావాలి. వేరులోని ప్రతి కణం మనలాగే ప్రాణవాయువు తీసుకుని శక్తి పుట్టించుకుంటుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న సందుల్లో కొన్నిటిలో నీరు, కొన్నిటిలో గాలి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. వానకు సందులన్నీ నిండితే గాలి దారి మూసుకుపోతుంది. ప్రాణవాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు 10,000 రెట్లు తక్కువ. మట్టిలో మిగిలిన కాస్తనీ వేళ్ళూ సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లోనే ఖర్చుచేస్తాయి. ఆ తర్వాత వేరు అరకొర శక్తితో నెట్టుకొస్తుంది, దాని చివర్లు చస్తాయి, చచ్చిన చోట కుళ్ళు తెగులు దిగుతుంది. చిత్రమేమిటంటే అప్పుడు ఆకులు వాడిపోతాయి. వేరు చచ్చాక చుట్టూ ఎంత నీరున్నా పీల్చేవాళ్ళుండరు. వాడిన ఆకును చూసి మనం ఇంకో చెంబు పోస్తాం.

వరికి ఈ బాధ లేదు. ఆకు నుంచి వేరు దాకా దాని ఒంట్లో గాలి నాళాలు ఉంటాయి. పైన పీల్చిన గాలి బురదలోని వేరు కొస వరకూ దిగుతుంది. డెల్టాలో వరి రాజ్యమేలడానికి కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట ఎంత కారణమో, కంటికి కనపడని ఈ నాళాలూ అంతే కారణం. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు తేవడం ఎలాగన్న ప్రశ్న తీరిపోయింది, పోగొట్టడం ఎలాగన్నది మిగిలింది. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ పంట వేయమని విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధర లేకపోవడంతోపాటు మురుగునీరు దిగకపోవడమూ ఉంది. ఎకరాల మీద కనిపించే ఆ సమస్యే మీ ఇంటి కుండీలోనూ ఉంటుంది.

ఎండను ఓర్చే తీగలన్నీ ఒకే దారి తొక్కవు. కంచెల మీద పాకే నల్లేరు కాడలోనే నీరు దాచుకుంటుంది. దాని కాడ పగలు ఆకురంధ్రాలు మూసేసి, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు లోపలికొచ్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి నిలవ చేసుకుని, తెల్లారాక తలుపులు వేసుకుని వండుకుంటుంది. నల్లేరు కాడ రసం సాయంత్రంకన్నా తెల్లవారుజామున ఎక్కువ పుల్లగా ఉండటానికి ఇదే కారణం. నమ్మకం కుదరకపోతే pH కాగితంతో చూడండి గానీ పచ్చి కాడ నమలకండి, గొంతు దురద పుడుతుంది. నల్లేరు మీద బండి నడక తేలికే కావచ్చు, నాలుక నడక మాత్రం కాదు. కాగితం పూల తీగది ఇంకో పద్ధతి. కాస్త నీటి కొరత తగిలితేనే దానికి పూయాలన్న బుద్ధి పుడుతుంది. రోజూ నీళ్ళు తాగే పెరట్లో అది గోడనిండా ఆకులేసి ఊరుకుంటుంది.

నాభి ఈ రెండు పనులూ చేయదు. ఎండాకాలాన్ని ఎదుర్కోదు, తప్పించుకుంటుంది. వానలు వెనకబడగానే ఆకు, కాడ, నులితీగ అన్నీ వదిలేసి నేలలోని దుంపలోకి వెళ్ళిపోతుంది. జనవరి నుంచి మే దాకా నేలపైన దాని ఆనవాలు ఉండదు. రోహిణీ కార్తె ఎండలు దాటి మృగశిర చినుకులు పడగానే భూమిలోంచి పెన్సిలంత మొలక లేస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా పూలు, ఆ తర్వాత కాయలు, డిసెంబరు వచ్చేసరికి మళ్ళీ నిద్ర. దాని బతుకంతా ఈ ఆరేడు నెలలే.

ఈ క్యాలెండరును కోనసీమ క్యాలెండరు పక్కన పెట్టి చూస్తే ముచ్చటేస్తుంది. ఇక్కడ వాన ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది, కానీ దాదాపు అంతా జూన్ నుంచి నవంబరు లోపే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం ఇచ్చేది చుక్కలే. పైగా వేసవిలో డెల్టా కాలువలు కట్టేసి మరమ్మతులు చేసి, జూన్‌లో మళ్ళీ వదులుతారు. ఆకాశాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే కోనసీమ నాభికి తగిన చోటే. అడ్డుపడేవాళ్ళం మనం. దాళ్వాకు పారే నీళ్ళు, కొబ్బరి పాదుల్లోకి తిప్పిన బోదె, నూతి చప్టా మీంచి పారే నీళ్ళు, పొద్దున్నే గొట్టం పట్టుకుని పెరడంతా తడిపే అలవాటు ఇవన్నీ దుంప నిద్రపోయే నెలల్లోనే జోరుగా సాగుతాయి. వేసవి వానలూ ఒక్కోసారి చెప్పకుండా వస్తాయి. 2022 మే నెలలో అసని తుపాను మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరానికి చేరినప్పుడు ఎండాకాలం నడిమధ్యన కుండపోత కురిసింది. అందుకే ఆకాశాన్ని నమ్ముకుని కరువు తయారుచేయలేం.

కోనసీమంతా ఒకే నేల అనుకోవడమూ పొరపాటే. కొత్తపేట, రావులపాలెం వైపు లంకల్లో ఏటి ఒండ్రు ఉంటుంది, నీరు దిగుతుంది గానీ వరద భయం ఉంది. అమలాపురం చుట్టుపక్కల పల్లపు భూముల్లో జిగట మట్టి, వానాకాలం కొన్ని అడుగులు తవ్వితే చాలు నీరు పడుతుంది. ఓడలరేవు, కేశనపల్లి, అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డున ఇసుక నేలలు. నాభికి ఆ ఇసుక మెరకలు నచ్చుతాయి. తమిళనాడులో వేదారణ్యం దగ్గర దీన్ని పంటగా వేసేదీ సముద్ర తీరపు ఇసుకలోనే. తీరం వాళ్ళు మెరక చూసుకుని నేలలోనే నాటుకోవచ్చు. మిగతావాళ్ళకు నా సలహా కుండీ. కుండీకి ఉన్న గొప్ప గుణం దాన్ని జరపగలగడం. వానలో ఉండాల్సిన నెలల్లో డాబా మీద ఉంటుంది, ఉండకూడని నెలల్లో వసారాలోకి వస్తుంది. కరువు తయారీలో సగం పని ఆ జరపడమే.

కుండీ అనగానే అడుగున పెంకు ముక్కలో ఇటుక ముక్కలో పరిచి, పైన మట్టి నింపడం మనకు తాతల నాటి అలవాటు. నీరు బాగా దిగుతుందని నమ్మకం. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. మట్టిలోని సన్నని సందులు నీటిని పట్టుకుని ఉంటాయి. కింద పెద్ద సందులున్న పొర వచ్చినా, పైన మట్టి పూర్తిగా నానిపోయేదాకా నీరు ఆ పొరలోకి జారదు. కుండీకి అడుగున ఉండాల్సిన తడి పొర పెంకుల మీదకు ఎక్కుతుంది, దుంపకు మరింత దగ్గరవుతుంది. పాత్రలు తోమే స్పాంజిని పూర్తిగా తడిపి, బల్లపరుపుగా అరచేతిలో పట్టుకుని నీరు కారడం ఆగేదాకా చూడండి. తర్వాత దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీరు కారుతుంది. స్పాంజి అదే, మారింది ఎత్తు. నానిన పొర మందం మట్టి గుణాన్ని బట్టి ఉంటుంది గానీ కుండీ ఎత్తును బట్టి కాదు. కాబట్టి లోతైన కుండీలో ఆ పొర దుంపకు దూరంగా అడుగునే ఉండిపోతుంది, వెడల్పుగా పళ్ళెంలా ఉన్న కుండీలో దుంప నేరుగా అందులోనే పడుకుంటుంది. అడుగు పైన లోతున్న కుండీ తీసుకోండి. చిల్లులు మూసుకుపోకుండా ఒక్క పెంకు ముక్క అడ్డం పెడితే చాలు.

ఇంకో స్థానిక ప్రలోభం కొబ్బరి పొట్టు. అంబాజీపేట మార్కెట్ నుంచి మామిడికుదురు తోటల దాకా ఎక్కడ చూసినా డొక్కలూ పీచూ పొట్టూ పోగులు పడి ఉంటాయి. చవగ్గా వస్తుంది కదా అని కుండీనిండా నింపుతాం. పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది. రాయలసీమలో ఆ గుణం వరం. ఇక్కడ వానాకాలంలో అదే గుణం దుంపను కుళ్ళబెడుతుంది. నా లెక్క ఇది: రెండు వంతుల ముతక గోదావరి ఇసుక, ఒక వంతు ఒండ్రుమట్టి, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు. పొట్టు వేయాలనే అనిపిస్తే పైన పలచగా కప్పుగా వేయండి, అదీ మొలక వచ్చాకే.

దుంప కోసం గౌతమి దాటి కడియం నర్సరీల్లో అడిగి చూడొచ్చు. అడవిలో తవ్వుకురావద్దు. మందు సరుకు కోసం తవ్వి తవ్వి చాలా చోట్ల ఈ తీగను ఇప్పటికే పలచన చేశారు. మంచి దుంప చూడగానే గుర్తుపట్టొచ్చు: రెండు కొమ్ములు ఒక చోట కలిసి నాగలి ఆకారంలో ఉంటుంది. మొలక మధ్యలోంచి రాదు, కొమ్ము కొసనుంచి వస్తుంది. కొస విరిగితే ఆ కొమ్ము పని ముగిసినట్టే. అందుకే ఎంచుకునేటప్పుడు దుంప లావుకన్నా కొసలు చెక్కుచెదరకుండా ఉన్నాయా అన్నది చూడాలి. చేతులకు తొడుగులు వేసుకుని, మే చివరలోనో జూన్ మొదట్లోనో రెండు మూడు అంగుళాల లోతున దుంపను అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పండి. మొలక కనిపించేదాకా చెమ్మ ఉంటే చాలు. మూడు నాలుగు వారాలు ఏమీ కనపడకపోవచ్చు. ఏమైందోనని తవ్వి చూడటం వల్ల పోయిన దుంపలు కుళ్ళి పోయినవాటికి తక్కువేం కావు.

మొలక లేచాక ఆధారం కావాలి, అదీ సన్ననిది. నాభికి మల్లెలా చుట్టుకునే కాండం లేదు, కాకరలా కణుపు దగ్గర పుట్టే నులితీగలూ లేవు. దాని ఆకు కొసే సాగి, కొక్కెంలా వంగి, నులితీగ అవుతుంది. తీగజాతుల కదలికల మీద డార్విన్ 1865లో లినియన్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం రాసి, 1875లో పుస్తకంగా వేశాడు. అందులో గ్లోరియోసాను ఆకులతో ఎక్కే తీగల జట్టులో పెట్టి పరిశీలించాడు. మొక్క అడుగున ముందుగా వచ్చే ఆకులకు ఈ కొక్కెం ఉండదు, తన కాళ్ళ మీద నిలబడగలిగినంత ఎత్తులో ఆధారం అక్కర్లేదు కనుక. పైకి పోయేకొద్దీ ఆకుల కొసలు సాగడం మొదలవుతుంది. ఆ చిన్న మెలిక లావు కర్రను చుట్టలేదు. కొబ్బరి చెట్టు మొదట్లో నాటి, చెట్టెక్కుతుందని ఎదురుచూస్తే అది నేలమీదే పాకుతుంది. కోనసీమలో దీనికి చక్కటి ఆధారం ఊరికే దొరుకుతుంది. కొబ్బరి ఈనెలు గుప్పెడు తీసుకుని రెండు వెదురు కర్రల మధ్య అడ్డంగా కట్టండి. ఈనె మందం నాభి ఆకు కొసకు సరిగ్గా సరిపోతుంది. ఐదారడుగుల ఎత్తు ఉంచండి. కార్తీకంలో వాయుగుండాలు వచ్చేసరికి తీగ కాయల బరువుతో ఉంటుంది, కర్రలు గట్టిగా పాతుకోండి.

కొబ్బరి తోటలో ఆకుల సందుల్లోంచి జారే ఎండ దీనికి బాగా నచ్చుతుంది. డాబా మీద పూర్తి ఎండనూ తట్టుకుంటుంది.

ఒక పురుగు గురించి చెప్పాలి. నల్లటి ఒంటి మీద తెలుపు, ఎరుపు చుక్కలతో చూడ్డానికి పూసల దండలా ఉండే గొంగళి నాభి ఆకుల మీద పడితే రెండు మూడు రోజుల్లో కాడ మిగులుతుంది. పోలిటెలా గ్లోరియోసే అని దాని పేరులోనే ఈ తీగ ఉంది. మనిషిని చంపగల విషం దానికి భోజనం. ఆ రంగులు ఊరికే పెట్టుకున్నవి కావు, తినబోయే పక్షికి హెచ్చరిక. మందు కొట్టే అవసరం లేదు, కుండీల్లో పెంచేవాళ్ళు పుల్లతో తీసి సబ్బునీళ్ళలో వేస్తే సరిపోతుంది.

ఇక పువ్వు. మొగ్గ తలవంచుకుని ఉంటుంది. విచ్చేటప్పుడు ఆరు రేకులూ వెనక్కి తిరిగి పైకి లేస్తాయి. అంచులన్నీ అలలు. మొదటి రోజు ఆకుపచ్చ పసుపు, తర్వాత మొదట్లో పసుపు, కొసన ఎరుపు, చివరికి పువ్వంతా కెంపు. ఒక్కో పువ్వు వారం పైగా నిలుస్తుంది కాబట్టి ఒకే తీగ మీద అన్ని వయసుల పూలూ అన్ని రంగుల్లో కనిపిస్తాయి. 1947లో దక్షిణ రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) పర్యటనకు వచ్చిన యువరాణి ఎలిజబెత్‌కు అక్కడి బడిపిల్లలు చందాలు పోగేసి ఈ పువ్వు ఆకారంలో వజ్రాల బ్రూచ్ చేయించి ఇచ్చారు.

మెచ్చుకోవాల్సింది రంగునే కాదు, కొలతలను కూడా. రేకులు పైకి పోగా, ఆరు కేసరాలు చక్రం ఆకుల్లా నలువైపులా అడ్డంగా చాపుకుని ఉంటాయి. ఇంకా విడ్డూరం కీలానిది. చాలా పూలల్లో అండాశయం మీంచి నిటారుగా ఉండే ఆ భాగం ఇక్కడ మొదట్లోనే దాదాపు లంబకోణంలో పక్కకు వంగి, కేసరాల వరసలో ఏడోదిగా చేరుతుంది. ఎందుకిలా? దక్షిణాఫ్రికాలో డేనియల్స్, జాన్సన్, పీటర్ అనే పరిశోధకులు ఈ ప్రశ్న పట్టుకుని, 2020లో అనల్స్ ఆఫ్ బోటనీ పత్రికలో ఫలితాలు వేశారు. సీతాకోకచిలుక రేకు మొదట్లోని మకరందం కోసం పక్కనుంచి వస్తుంది. అప్పుడు దాని రెక్కలు కేసరాలకు తగులుతాయి. పుప్పొడి అంటేది కాళ్ళకూ తొండానికీ కాదు, రెక్కలకు. ఇంకో పువ్వు దగ్గర ఆ రెక్కే పక్కకు చాచిన కీలం కొసను రాస్తుంది. కీలం ఒక పక్కే ఉండటం వల్ల, ఒక సీతాకోకచిలుక వాలినంత మాత్రాన అదే పువ్వు పుప్పొడి అదే పువ్వుకు అంటే అవకాశం తక్కువ. పువ్వును తలకిందులుగా వేలాడదీయడంలోనూ ఇలాంటి లెక్కే ఉందని వాళ్ళు పూలను పైకి తిప్పి కట్టి మరీ పరీక్షించారు.

రెక్కలతో పరాగ సంపర్కం జరగాలంటే రెక్కలున్న జీవులు కావాలి. తమిళనాడులో దిండిగల్, తిరుప్పూర్, కరూర్ జిల్లాల రైతులు గింజ కోసం ఈ తీగను పందిళ్ళ మీద పెంచుతారు. పంట విస్తరించినంతగా సీతాకోకచిలుకలు లేకపోవడంతో పూత కాలంలో కూలీలు పొద్దున్నే ఒక్కో పువ్వు దగ్గరకూ వెళ్ళి చేత్తో పుప్పొడి అద్దుతారు. మీ డాబా మీద రెండో మూడో పూలు పూసి కాయ పట్టలేదంటే తప్పు ఎరువుది కాకపోవచ్చు.

ఆ గింజల కోసం అంత శ్రమ ఎందుకంటే, వాటిలో కొల్చిసిన్ ఉంది. ఈ పదార్థాన్ని 1820లో ఫ్రాన్సులో పెల్తియే, కవాంతూ అనే రసాయనవేత్తలు కొల్చికం అనే ఐరోపా మొక్క నుంచి మొదట వేరుచేశారు. నాభి దానికి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. నాభి దుంపలోనూ అదే ఉందని 1915 నాటికి తేలింది. మోకాలు, బొటనవేలు వాచి నిద్ర పట్టనివ్వని గౌట్ జబ్బుకు ఇది పాత మందు. అమెరికాలో 2009 దాకా ఒక్కో మాత్ర పది సెంట్ల లోపు ఉండేది. ఆ ఏడాది ఒక కంపెనీ కొత్తగా అనుమతి తెచ్చుకుని దాదాపు ఐదు డాలర్లకు పెంచింది. 2023లో గుండెపోటు ముప్పు తగ్గించే మందుగా కూడా తక్కువ మోతాదులో దీనికి అక్కడ అనుమతి వచ్చింది.

మందుగానైనా విషంగానైనా అది చేసేది ఒకే పని. మన కణాల్లో ట్యూబులిన్ అనే ప్రొటీన్ ముక్కలు ఒకదానికొకటి చేరి సన్నని గొట్టాలు కడతాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగేది ఆ గొట్టాలే. కొల్చిసిన్ ట్యూబులిన్‌ను పట్టుకుని గొట్టం కట్టనివ్వదు. అసలు ఈ ప్రొటీన్ దొరికిందే అలా. కొల్చిసిన్ కణంలో దేనికి అంటుకుంటోందా అని 1960ల చివర్లో బోరిసీ, టేలర్ వెతుకుతూ పోతే ట్యూబులిన్ బయటపడింది. అంతకు ముందే 1937లో బ్లేక్‌స్లీ, ఎవరీ ఇదే మందుతో మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేసి చూపించారు. తర్వాత జపాన్‌లో కిహారా ఆ పద్ధతి మీదే గింజలేని పుచ్చకాయ పుట్టించాడు. అయితే మొక్కల ట్యూబులిన్ కొల్చిసిన్‌ను వదులుగా పట్టుకుంటుంది, జంతువులది గట్టిగా పట్టుకుంటుంది. అందుకే మొక్కల మీద పనిచేయించడానికి చాలా చిక్కటి ద్రావణం కావాలి, మనిషికి చిటికెడు చాలు. ఈ తేడాను చూస్తే ఈ విషం ఎవరిని ఉద్దేశించిందో అర్థమవుతుంది.

ఒంట్లో ఎప్పుడూ చీలుతూ ఉండే కణాలకే ముందు దెబ్బ. దుంప తిన్న కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, పేగు పొర కణాలు రోజూ పుట్టేవి కనుక. తర్వాత ఎముకల మజ్జ, మూత్రపిండాలు, గుండె. బతికి బయటపడ్డవాళ్ళకు ఒకటి రెండు వారాల తర్వాత జుట్టు ఊడిపోతుంది. మొదటి వాంతులు తగ్గగానే తేరుకున్నట్టు కనిపించడం ఇందులో ఉన్న మోసం. ఆసుపత్రుల్లో చేతికందే విరుగుడు లేదు. అనుమానం వస్తే గంటలు చూడకుండా తీసుకెళ్ళాలి, తీగ ముక్క కూడా పట్టుకెళ్ళాలి. ఆయుర్వేదం దీన్ని లాంగలి పేరుతో ఉపవిషాల్లో చేర్చి, గోమూత్రంలో శుద్ధి చేశాకే వాడమంది. ఇంటి వైద్యాల పుస్తకాలు చూసి ప్రసవానికో కీళ్ళనొప్పులకో దీన్ని వాడేవాళ్ళున్నారు. వద్దు, ఏ రూపంలోనూ వద్దు.

కోనసీమలో ఈ హెచ్చరికకు ఇంకాస్త బరువుంది. ఇది దుంపల సీమ. కంద, చేమ, పెండలం, చిలగడదుంప తినని ఇల్లుండదు. నాభి దుంపను చిలగడదుంప అనుకుని వండుకుని ప్రాణాల మీదకు తెచ్చుకున్న సంఘటనలు శ్రీలంక వైద్య నివేదికల్లో ఉన్నాయి. కాబట్టి కూరల మడి దగ్గర దీన్ని నాటకండి. తవ్విన దుంపను వంటింటి చూరు కింద, బుట్టలో, మిగతా దుంపల పక్కన ఎంత మాత్రం పెట్టకండి.

అక్టోబరు చివరి నుంచి ఆకులు పసుపు తిరుగుతాయి. డెల్టా చేతికి అసలు పరీక్ష ఇక్కడే. పసుపు ఆకు కనిపించగానే మన చేయి చెంబు వైపు పోతుంది, లేకపోతే గుప్పెడు యూరియా వైపు. రెండూ ఆపాలి. ఆ ఆకుల్లో ఉన్నదంతా కిందికి దిగి కొత్త దుంపలో చేరుతోంది. నాటిన పాత దుంప అప్పటికి పీల్చుకుపోయి పొట్టు మిగిలి ఉంటుంది, దాని స్థానంలో కొత్తది తయారై ఉంటుంది. ఏటా ఒంటిని పూర్తిగా మార్చుకునే మొక్క ఇది. ఈ దశలో నేల నాని ఉంటే కొత్త దుంప చర్మం గట్టిపడకముందే మెత్తబడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలూ తుపానులూ సరిగ్గా ఈ నెలల్లోనే వస్తాయి. అందుకే ఆకు సగం పండగానే కుండీని వసారాలోకి లాగేయండి. కాడ పూర్తిగా ఎండి చేత్తో లాగితే ఊడి వచ్చేదాకా కోయవద్దు.

జనవరి నుంచి కుండీని తవ్వకుండా అలాగే ఉంచేయడం తేలిక. వాన జల్లు పడని మూల, నీళ్ళ గొట్టం చేరని మూల చూసి పెట్టండి. ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా ఖాళీ కుండీ కనిపిస్తే నీళ్ళు పోయకుండా ఉండలేని పెద్దవాళ్ళకు. దుంపలు పంచిపెట్టాలనుకుంటేనే తవ్వాలి. అప్పుడు కొసలు విరగకుండా తీసి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో ఉంచి, డబ్బా మీద విషం అని పెద్ద అక్షరాలతో రాసి తాళం వేయాలి. ఎవరికిచ్చినా ఆ మాట చెప్పి ఇవ్వాలి.

కాయ మూడు అరలుగా ఉండి, ఎండాక పగిలి, ఎర్రటి గింజలు బయటపెడుతుంది. దుంపకన్నా గింజలోనే కొల్చిసిన్ ఎక్కువ, పైగా గురివింద గింజలా పిల్లల కంటికి ఇంపుగా ఉంటుంది. గింజ అక్కర్లేనివాళ్ళు పువ్వు వాడగానే పిందెను తుంచేస్తే ఆ బలం కూడా దుంపకే పోతుంది. గింజతోనే పెంచి చూడాలన్న సరదా ఉంటే కాయ పగలకముందే కోసి, కవరులో ఆరబెట్టి, వచ్చే జూన్‌లో ఇసుకలో చల్లండి. మొలవడానికి నెలలు పట్టొచ్చు, పూయడానికి మూడు నాలుగేళ్ళు. ఆ మూడు నాలుగేళ్ళూ ప్రతి జనవరిలోనూ ఆ చిన్న కుండీకి కూడా నీళ్ళు ఆపాల్సిందే.